నాన్న మంచు మీద జారిపడ్డారు, మళ్లీ పడకుండా ఏం చేయాలి?

మేముండేది అమెరికాలోని మినియాపోలిస్‌లో. అమ్మానాన్న నవంబర్‌లో గుంటూరు నుంచి వచ్చారు. నిన్న పొద్దున నాన్న చెత్త డబ్బా బయట పెట్టబోయి డ్రైవ్‌వే మీద వెల్లకిలా పడ్డారు. కాళ్లకి మామూలు చెప్పులు, చేతులు రెండూ జేబుల్లో! నేల తడిగా ఉందనుకున్నారట. తీరా చూస్తే గాజు పలకలా పల్చటి మంచు. నడుం పట్టేసింది గానీ, ఎముక విరగలేదు.

నేను రాళ్ల ఉప్పు చల్లుతూనే ఉన్నాను. చలి మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోయాక అది పెద్దగా కరిగించట్లేదు. దాని బదులు మంచు కరిగించే కాల్షియం క్లోరైడ్ అనే రసాయనం వాడాలా, పట్టు కోసం ఇసుక చల్లితే సరిపోతుందా? బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు 70 ఏళ్లవాళ్లు సొంతంగా వేసుకోగలరా? వాడినవాళ్లు చెప్పండి. ఇంట్లో కూర్చోమంటే వినే రకం కాదు, రోజూ వాకింగ్‌కి వెళ్లాల్సిందే.