విశాఖలో ‘హోలిస్టిక్’ బడులు: లోపల రోజెలా నడుస్తుంది, ఏం చూసి చేర్చాలి?

మధురవాడ_అమ్మ:
పాపకి నాలుగో ఏడు నడుస్తోంది. మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు ఏ బోర్డు చూసినా ‘హోలిస్టిక్’ (సమగ్ర విద్య) అనే రాసుంది. ఒకరు మాంటిస్సోరి అంటారు, ఒకరు వాల్డార్ఫ్ అంటారు, ఇంకొకరు అరవిందుల పద్ధతి అంటారు. గదిలో నిజంగా ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు రాయండి. తెలుగు చదవడం ఎలా వస్తుంది? పదో తరగతి దగ్గర ఇబ్బంది పడతారా?

చాపమీద_టీచర్:
బోర్డు సంగతి వదిలేసి టైమ్‌టేబుల్ అడగండమ్మా. మాంటిస్సోరి గదిలో పొద్దున్న దాదాపు మూడు గంటలు తెగకుండా ఉండాలి. తొమ్మిదింటికి పిల్లలు తేలికైన పని తీసుకుంటారు: నీళ్ళు ఒంపడం, గుడ్డ మడవడం, బొత్తాలు పెట్టడం. పదింటి ప్రాంతంలో గదంతా ఒక్కసారి గోలగా మారుతుంది. లేచి తిరుగుతారు, పక్కవాడి చాప తొక్కుతారు. కొత్త టీచరు అది చూసి కంగారుపడి అందర్నీ కూర్చోబెట్టి పాట అందుకుంటుంది, లేదా స్నాక్స్ డబ్బాలు తీయిస్తుంది. అక్కడే చెడుతుంది. పది పదిహేను నిమిషాలు ఓపిక పడితే ఆ గోల దానంతటదే సర్దుకుంటుంది, పిల్లలు ఆ రోజుకల్లా కష్టమైన పని తీసుకునేది ఆ తర్వాతే. పదింపావుకి డాన్స్, పదకొండుకి స్పోకెన్ ఇంగ్లీషు పెట్టిన బడిలో సామాను ఎంత ఖరీదైనదైనా పిల్లలు ఆ రెండో దశకి చేరరు.

రెండోది, వయసుల కలగలుపు. రెండున్నర నుంచి ఆరేళ్ళ వరకు ఒకే గదిలో ఉండాలి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని మూడు గదులు చేసి మూడింట్లోనూ గులాబీ రంగు ఘనాల టవర్ పెడితే అది మామూలు ప్లేస్కూలే, ఫీజు మాత్రం ఎక్కువ.

తల్లిదండ్రుల వైపు నుంచి జరిగే పొరపాటు కూడా చెప్పాలి. రెండేళ్ళు ఉంచి, ‘పెద్ద స్కూల్లో సీటు దొరికింది’ అని మూడో ఏడు తీసేస్తారు. మొదటి రెండేళ్ళూ చేత్తో చేసిందంతా రాతలోకి, లెక్కలోకి దిగేది ఆ మూడో ఏడే. మూడేళ్ళూ ఉంచేట్టయితేనే చేర్చండి.

గుడి_కొమ్ము:
తెలుగు గురించి నేను రాస్తా. ఇంగ్లీషు అక్షరాల సెట్టు కొనడం తేలిక. తెలుగుది చాలావరకు బడివాళ్ళే చేసుకోవాలి, చేసుకున్నారో లేదో అల్మరా చూస్తే తెలిసిపోతుంది.

గరుకు అక్షరాలు: నున్నటి చెక్క మీద ఉప్పుకాగితం కత్తిరించి అంటించినవి. పిల్ల చూపుడువేలు, నడిమివేలు కలిపి రాసే వరసలోనే తడుముతుంది. ‘ఇది గ’, ‘గ ఏదీ చూపించు’, ‘ఇదేంటి?’ అని మూడు మెట్లు. ఒకసారికి రెండు మూడు అక్షరాలు చాలు, వాటిలో ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. ప, వ ఒకే పూట ఇస్తే రెండూ పోతాయి. అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టాలన్న నియమం లేదు. గ, ర, ల, ప, త, వ, క, డ వస్తే వల, తల, పలక, పడవ అప్పుడే చదివేస్తారు.

అసలు తంటా కదిలే అక్షరాల పెట్టెతో, అంటే విడి ముక్కలు పేర్చి పదం కట్టేదానితో. హల్లుల నుంచి తలకట్టు విడదీసి, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వేరే ముక్కలుగా కోస్తారు. క, గ, త, ప, డ దగ్గర బాగానే నడుస్తుంది. ఖ, జ, ట, ణ, బ, ల అనే అక్షరాలకి తలకట్టే లేదు, మరి దేన్ని తీస్తారు? మ, య దగ్గర గుడి పైన కూర్చోదు, అక్షరం ఆకారమే మారిపోతుంది. ‘మి’ అమర్చబోయి పిల్లలు ‘వి’ పెట్టి ఆగిపోయేది అందుకే. మి, మీ, యి, యీ లాంటివి విడి ముక్కలుగా కాకుండా నిండు బిళ్ళలుగా కోసి వేరే అరలో పెట్టుకోవాలి. తలకట్టు లేనివాటికి బిళ్ళ వెనక చిన్న చుక్క పెట్టుకుంటే సర్దేటప్పుడు కలిసిపోవు.

ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ముందు ఇవ్వండి. ఆకారం అక్షరంలా ఉండదు కాబట్టి ఇవే కష్టం, అమ్మ, నాన్న, అత్త, అయ్య, పిల్లి, బర్రె అని ఇంట్లో రోజూ వినేవీ ఇవే. మిగతావి చాలావరకు అక్షరాన్నే కింద రాసినట్టుంటాయి, వాటంతటవే వస్తాయి.

కంచరపాలెం_వడ్రంగి:
సామాను చేసేవాడిగా రెండు ముక్కలు. ఇది సముద్రపు గాలి ఉన్న ఊరు. జులై నుంచి నవంబరు దాకా చెక్క ఉబ్బుతుంది, మామూలు ఫెవికాల్‌తో అంటించిన ఉప్పుకాగితం అంచులు లేస్తాయి. నీటికి ఆగే జిగురు రాసి, ఒక రాత్రంతా బరువు కింద పెట్టాలి. 80 నంబరు కాగితం వేళ్ళని గీరేస్తుంది, 120 లేదా 150 తీసుకోండి. ఇనప చట్రాలకి తుప్పు, పుస్తకాలకి బూజు ఎలాగూ తప్పవు. అల్మరా గోడకి జానెడు ఎడంగా ఉంచితే కొంత నయం.

పిడి ఉన్న స్థూపాల దిమ్మెలు నాలుగు, ఒక్కోదాంట్లో పది గుంతలు, వాటికి పది స్థూపాలు. ప్రతిదీ దాని గుంతలోకే సరిపోవాలి, తప్పు పెడితే ఆఖర్న ఒకటి మిగిలిపోయి పిల్లకే తెలియాలి. చవక సెట్టులో పక్కనున్న చిన్న గుంతలో కూడా దూరిపోతుంది. అప్పుడు తప్పు టీచరు చెప్పాల్సి వస్తుంది, ఇంక ఆ వస్తువెందుకు? కొనే ముందు ప్రతి స్థూపాన్నీ పక్కనున్న చిన్న గుంతలో పెట్టి చూడండి.

అంకెల కడ్డీల పెట్టెకి (గది మీద ఏ అంకె ఉంటే అన్ని కడ్డీలు వేసేది) 45 కడ్డీలు కావాలి, ఒకటి నుంచి తొమ్మిది కలిపితే వచ్చే లెక్క. సున్నా గది ఖాళీ. ఇవి ఏటికొప్పాకలో చేయించొచ్చు. అంకుడు కర్ర తేలిక, లక్క రంగులు చెట్ల నుంచి తీసినవే వాడమని ముందే చెప్పండి, నోట్లో పెట్టుకునే పిల్లలు కదా. గులాబీ టవర్ మాత్రం అడక్కండి. ఒక సెంటీమీటరు నుంచి పది దాకా పది ఘనాలు, అది చిత్రిక, రంపం పని. వాళ్ళ తిప్పుడు మర మీద వచ్చేది గుండ్రమే.

బీచ్‌రోడ్_నాన్న:
ఇదంతా సరే గానీ, ఆరో తరగతిలో మామూలు బడికి మారిస్తే? రాత వేగం ఉండదు, టైము పెట్టి రాయడం అలవాటుండదు, హిందీ సున్నా. ‘ఆనందంగా నేర్చుకుంటారు’ అనే మాట అక్కడ పనికిరాదు.

ఫైలు_గుమాస్తా:
నాన్నగారూ, మీరన్నది నిజమే. మారుద్దామనుకుంటే ఏడాది ముందు నుంచీ రోజుకి ఇరవై నిమిషాలు గడియారం పెట్టి రాయించాలి, హిందీ అక్షరాలు విడిగా చెప్పించాలి. లెక్కల్లో తేడా ఇంకో రకం. పూసల్తో వేలల కూడిక చేసినవాడికి స్థానవిలువ గట్టిగా ఉంటుంది, కాగితం మీద ‘చేతిలో ఒకటి’ అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. పది విడి పూసలిచ్చి ఒక పది పూసల కడ్డీ తెచ్చుకున్నాం చూడు, అదే ఇది అని ఒక్కసారి కలిపి చూపిస్తే చాలు.

కాగితాల సంగతి. బడికి 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో బడి నంబరు) ఉందా అని మొదటి రోజే అడగండి. లేకపోతే టీసీ దగ్గర తిరగాలి. విద్యాహక్కు చట్టం 2009లో నాలుగో సెక్షన్ ప్రకారం బడికి వెళ్ళని పిల్లలకైనా వయసుకి తగ్గ తరగతిలో సీటివ్వాలి, అది గుర్తుంచుకోండి. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు బోర్డు) దారి ఉంది: పద్నాలుగేళ్ళు నిండాలి, అయిదు సబ్జెక్టులు, నమోదు అయిదేళ్ళు చెల్లుతుంది, పాసుకి 33 శాతం. ఇంటి దగ్గర రాసిచ్చే అసైన్‌మెంట్లకి 20 శాతం ఉంటుంది, చాలామంది గడువు దాటించి అవి పోగొట్టుకుంటారు.

మధురవాడ_అమ్మ:
మార్కులు లేకపోతే పిల్ల ఎక్కడుందో తెలిసేదెలా అండీ?

చాపమీద_టీచర్:
పేరు కప్పేసి ఒక పాత రిపోర్టు చూపించమనండి. ‘చురుకైన పాప, అందరితో కలుస్తుంది’ అని ఉంటే ఎవరూ ఏమీ గమనించనట్టే. ‘కడ్డీల పెట్టెలో ఏడు, ఎనిమిది దగ్గర లెక్క తప్పుతోంది, ఆరు వరకు సాఫీ’ అని ఉంటే ఆ గదిలో పని జరుగుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 360 డిగ్రీల ప్రోగ్రెస్ కార్డు అంటోంది. చాలాచోట్ల దాన్ని నవ్వు బొమ్మల స్టిక్కర్లకి దించేశారు.

అన్నట్టు ‘మాంటిస్సోరి, వాల్డార్ఫ్ రెండూ కలిపి చేస్తాం’ అంటే కాస్త ఆరా తీయండి. మాంటిస్సోరిలో నాలుగేళ్ళకే గరుకు అక్షరం ఇస్తారు, స్టైనర్ పద్ధతి వాల్డార్ఫ్ బడిలో ఏడో ఏడు దాకా చదువు జోలికే పోరు, కథలు, బొమ్మలు, మైనం రంగులే. రెండూ ఒకే గదిలో ఎలా పొసగుతాయో వాళ్ళనే చెప్పమనండి.

ఆటుపోట్లు:
బయటి తిరుగుళ్ళ గురించి ఎవరూ రాయలేదు. ఈ ఊళ్ళో ఉండి సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూపిస్తే ఏం లాభం? రాళ్ళ తీరానికి తీసుకెళ్ళాలంటే ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. అమావాస్య, పున్నమి దగ్గర నీరు బాగా వెనక్కి పోతుంది. పాటు (నీరు వెనక్కి పోవడం) పూర్తయ్యే సమయానికి గంటన్నర ముందు దిగి, నీరు తిరగ్గానే ఎక్కేయాలి. ఈ సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి వాయిదా వేస్తే లెక్క మళ్ళీ మొదటికే. అయిదుగురికి ఒక పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒకరి పని అలల్ని చూడటమే. కాళ్ళకి పాత బూట్లు, చెప్పులు కాదు, నాచు మీద జారతాయి. రాయి ఎత్తి చూస్తే అలాగే బోర్లించి పెట్టాలి, కింద ఉన్నవి ఎండకి చచ్చిపోతాయి. గవ్వలు ఏరి తేవద్దు, ఖాళీగా కనిపించే వాటిలో సన్యాసి పీతలుంటాయి.

ఎర్రమట్టి దిబ్బలకైతే పొద్దున్న ఏడున్నరకల్లా చేరాలి, నీడ ఉండదు. గట్టు అంచుల మీద నిలబడనివ్వకండి, అది రాయి కాదు, ఇసక, విరిగిపడుతుంది. మట్టి కూడా తేవద్దు, అక్కడే కూర్చుని రంగులు చూసి గీయమనండి.

మధురవాడ_అమ్మ:
చాలా ఉపయోగపడింది. బడి చూడ్డానికి ఏ టైముకి వెళ్ళమంటారు?

చాపమీద_టీచర్:
మామూలు పనిరోజు, తొమ్మిదిన్నర నుంచి పదకొండు. పండగ ప్రోగ్రాము వారం, ఓపెన్ హౌస్ రోజు వద్దు. మూల కుర్చీలో మాట్లాడకుండా కూర్చుంటానని చెప్పండి. అడ్మిషన్ అయ్యాకే గది చూపిస్తామంటే ఇంకో బడి చూసుకోండి.