సమస్యాపూరణం: పిండి కలిపిన నీలమై వెలిఁగె నీరు

నిర్వాహకుడు (నల్లకుంట): ఈ వారం సమస్య ఇచ్చింది మెహదీపట్నం అక్కయ్యగారు. తేటగీతి పద్యానికి ఇది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు కట్టాలి. నియమం ఒక్కటే: పిండి కలిస్తే నీరు తెల్లబడాలి గానీ నీలమెట్లా అయిందో పద్యంలోనే తేలాలి. నీలాన్ని బయటి నుంచి తెచ్చి పోస్తే కుదరదు.

మెహదీపట్నం అక్కయ్య: సమస్య ఎక్కడ పుట్టిందో చెప్తాను. అబ్బాయి దగ్గరికి కెనడా వెళ్ళినప్పుడు ఆల్బర్టాలో ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద తిప్పాడు. లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్లు. గంటకు 90 దాటకూడదు, దాటాలని ఎవరికీ అనిపించదు కూడా. పెట్రోలు మాత్రం బయల్దేరే ముందే నింపుకోవాలి, నడుమ సస్కాచవాన్ క్రాసింగ్ తప్ప దిక్కు లేదు. బో సరస్సు దాటి కనుమ ఎక్కితే కింద పీటో సరస్సు. పైనుంచి అచ్చం తోడేలు తల. ఆ నీలం చూసి మావారు "మునిసిపాలిటీ వాళ్ళు ఏదో కలిపారే" అన్నారు. కలిసింది రాతిపిండి! మంచునది (గ్లేసియర్) అడుగున ఇరుక్కున్న రాళ్ళు కొండను అరగదీస్తుంటే రాలే సన్నటి పొడి. అది నీళ్ళలో తేలుతూ ఎండలోని నీలాన్నీ పచ్చనూ వెదజల్లుతుంది, ఎరుపును నీరే మింగేస్తుంది. ఇక మీ ఇష్టం.

మలక్‌పేట బామ్మ:

ధోవతికి గంజి పెట్టంగఁ దొడగి నేను
నీలిమందును రవ్వంత నేర్పుతోడ
మైద యుడికించి కలిపితి మరచిపోక
పిండి కలిపిన నీలమై వెలిఁగె నీరు

నిర్వాహకుడు: బామ్మగారూ, యతులు మూడూ చక్కగా చెల్లాయి. ధోవతి, గంజి, మైదా అన్నీ మన పెరట్లోవే. కానీ నీలం నీలిమందుది, పిండిది కాదు. నేను వద్దన్నదే చేశారు. నవ్వించినందుకు మార్కులు వేరే.

మలక్‌పేట బామ్మ: వేయకపోతే ఊరుకుంటానా నాయనా.

సైనిక్‌పురి సోదరి:

ద్రోణసుతుఁ డానె నొకనాఁడు దుగ్ధ మనుచు
తెల్లనౌ పిండి నీళ్ళను తెలియలేక
నేఁడు లూయీజు కొలనులో నిజముగాను
పిండి కలిపిన నీలమై వెలిఁగె నీరు

వనస్థలిపురం మాష్టారు: అమ్మా, అశ్వత్థామను ఇక్కడికి లాక్కొచ్చావంటే భారతం బాగా ఒంటపట్టిందన్నమాట. పాలని నమ్మి పిండినీళ్ళు తాగిన పసివాడి కథ తెలియనివాళ్ళుండరు. "ఆనె" అన్న క్రియ ఆ చోట ముచ్చటగా ఉంది. అయితే "నిజముగాను" అనేది గణాల కోసం వచ్చిన మాట. అక్కడ కారణం చెప్పవలసింది పోయి సాక్ష్యం చెప్పావు.

సైనిక్‌పురి సోదరి: ఒప్పుకుంటాను మాష్టారూ. మరి మీదో?

వనస్థలిపురం మాష్టారు:

మంచు తిరగలి కొండను మరల మరల
నూఱి జల్లించె ఱాపిండి నునుపుగాను
ఎండ తగిలిన పీటోన నేమి చెప్ప
పిండి కలిపిన నీలమై వెలిఁగె నీరు

నిర్వాహకుడు: పిండికి మర దొరికింది! "మంచు తిరగలి" అనగానే ముడి సగం విడిపోయింది. మూడో పాదంలో ఎండను తేవడం ఇంకా మెచ్చదగ్గది, ఎందుకంటే మబ్బు పట్టిన రోజు ఆ సరస్సుకు అంత వెలుగు రాదు.

మెహదీపట్నం అక్కయ్య: ఒక్క మాట మాష్టారూ. మంచునది జల్లించదు. ఇంటంత బండల్నీ పొడినీ కలగాపులగంగా తోసుకొస్తుంది. అతబాస్కా మంచునది అంచున చూస్తే అంతా బూడిదరంగు కంకర, బురద. కరిగిన నీళ్ళు కూడా అక్కడ బూడిదగానే ఉంటాయి.

వనస్థలిపురం మాష్టారు: అయితే "నూఱి పాఱించె" అందాం. గణం అదే.

నిర్వాహకుడు: బాగుంది. కానీ అక్కయ్యగారు ఇంకో చిక్కు పెట్టారు. అక్కడ బూడిదగా ఉన్న నీరు సరస్సులో నీలమెందుకైంది?

కూకట్‌పల్లి తమ్ముడు: దానికే నాది. నేనూ ఆ దారిలో కారు నడిపాను. సున్వాప్త జలపాతం దగ్గర నది ఒక చిన్న లంకను చుట్టి వచ్చి ఒక్కసారిగా గండిలోకి దూకుతుంది. కటకటాలు తుంపరతో తడిసి, చెయ్యి పెడితే జివ్వుమన్నాయి.

కారు నాపితి సున్వాప్త ఘోష వినఁగ
నురుగు తెల్లన, బూడిద నుసులు నీట
అదియె మడుగున నిలిచిన నంతలోనె
పిండి కలిపిన నీలమై వెలిఁగె నీరు

వనస్థలిపురం మాష్టారు: మొదటి పాదంలో యతి తప్పింది నాయనా. "కా"కు "ఘో" చెల్లదు. హల్లు సరే, అచ్చు కుదరలేదు. "గర్జ వినఁగ" అను, సరిపోతుంది. ఆ జలపాతానికి గర్జే తగును.

నిర్వాహకుడు: నాకు నచ్చనిది "అంతలోనె". నది సరస్సులో పడీ పడగానే రంగు మారదు. ముతక ఇసుక, ఒండ్రు ముందు అడుగుకు చేరాలి, మరీ సన్నటి పొడే పైన తేలాలి. ఆ ముక్క పడితే నీ పద్యానికి తిరుగుండదు.

కూకట్‌పల్లి తమ్ముడు: "అదియె మడుగున నిలిచిన నడఁగ మడ్డి" అంటే?

సైనిక్‌పురి సోదరి: అబ్బ! జల్లెడ మంచునది చేతిలో లేదు, మడుగు చేతిలో ఉంది. నా నిజముగాను ఇక వెనక్కి తీసుకున్నట్టే.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి పూరణ తమ్ముడిదే. తిరగలి మాష్టారు తెచ్చారు, జల్లెడ ఈ కుర్రాడు తెచ్చాడు. నాలుగు పాదాల్లో ఒకే నీరు మూడు రంగులు మారింది: తెలుపు, బూడిద, నీలం. పద్యం చదివాక సమస్యలో విరోధం వెతికినా దొరకదు. (మన హుస్సేన్ సాగర్ పచ్చదనానికి మాత్రం ఈ పద్యం అన్వయించకండి. అక్కడి కారణాలు వేరు.)

మలక్‌పేట బామ్మ: మరి నా మార్కులో?

నిర్వాహకుడు: ఇచ్చాను బామ్మగారూ, హాస్యానికి మొదటి బహుమతి.

వచ్చే వారానికి కూడా అక్కయ్యగారి దారిలోదే. అతబాస్కా మంచునది రోజూ కిందికి జారుతూనే ఉంటుంది, దాని అంచు మాత్రం గత 125 ఏళ్ళలో కిలోమీటరున్నరకు పైగా వెనక్కి పోయింది. ఏ ఏడు ఎక్కడిదాకా ఉండేదో నడకదారి పక్కన పలకలు పాతి ఉన్నాయట. ఆటవెలది చివరి పాదం, ఆదివారం రాత్రి దాకా గడువు:

ముందు కేగు నదియె మొదటి కరిగె