అప్‌డేట్: 'సన్స్ అండ్ డాటర్స్'లో పెట్రీషియా ముఖం ఎందుకు మారింది? జవాబు దొరికింది

నేను ఇంతకుముందు అడిగింది గుర్తుచేస్తాను: పాత ఆస్ట్రేలియన్ సీరియల్ 'సన్స్ అండ్ డాటర్స్'లో పెట్రీషియా, అలిసన్ కార్ పాత్రలు చేసింది ఒకే నటేనా? అలిసన్ వచ్చాక కూడా చివర్లో పాత ముఖం మళ్లీ ఎలా కనిపించింది? ఎపిసోడ్లు తారుమారయ్యాయా, లేక అంతా మేకప్ మాయా?

సాయం చేసిన అందరికీ థాంక్స్. ముగింపు టైటిల్స్‌లో పేర్లు చూడమన్న సలహాతో చిక్కు విడిపోయింది.

ఇద్దరు నటీమణులే. 'ప్యాట్ ద ర్యాట్'గా పేరుపడ్డ పెట్రీషియా పాత్ర రోవీనా వాలెస్‌ది. ఆమె 1984లో సీరియల్ వదిలేస్తే, పెట్రీషియా ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుని అలిసన్‌గా తిరిగొచ్చినట్టు కథ అల్లారు. అలిసన్‌గా చేసింది బెలిండా గిబ్లిన్. చివర్లో మళ్లీ కనిపించేది రోవీనాయే, కానీ పెట్రీషియాగా కాదు, ఆమె కవల సోదరి పమేలాగా! ఇది తెలియకే నాకు అంత గందరగోళం. ఎపిసోడ్లు తారుమారయ్యాయేమో అన్న అనుమానానికీ దీనికీ సంబంధం లేదు, వరస సరిగ్గానే ఉంది. మేకప్ మాయ కూడా కాదు.

రోవీనా 1947లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో పుట్టి, చిన్నప్పుడే ఆస్ట్రేలియా వచ్చారు. 'కాప్ షాప్' అనే మరో ఆస్ట్రేలియన్ సీరియల్‌లోనూ చేశారు. పెట్రీషియా పాత్రకు 1985లో ఆస్ట్రేలియా టీవీ అవార్డు గోల్డ్ లోగీ అందుకున్నారు, ఇలాంటి డైలీ సీరియల్ నటికి అది దక్కడం అదే మొదలు. విలన్ పాత్రకు జనం ఇంత ప్రేమ చూపించారంటే, నా దృష్టిలో ఆ ఘనత పూర్తిగా ఆవిడ నటనదే.

బెలిండా అలిసన్‌గా తక్కువేం చేయలేదు. ముఖం మారిందని అక్కడే ఆపేయకండి, 1987లో సీరియల్ ముగిసేదాకా చూడండి.