పాత మీటరుకు జీపీఐబీ: ఆర్డుయినో చాలా, అసలు అడాప్టరే కొనాలా?

పాతమీటరు
హెచ్‌పీ 3478ఏ మల్టీమీటరు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. వెనక 24 పిన్నుల జీపీఐబీ సాకెట్టు ఉంది, కొలత పరికరాలను కంప్యూటరుకు కలిపే పాత పద్ధతి అది. రాత్రంతా ఓల్టేజీ రిఫరెన్స్ (స్థిరమైన ఓల్టేజీ ఇచ్చే సర్క్యూట్) ఎంత జారుతుందో లాప్‌టాప్‌లో రికార్డు చేయాలని ఆశ. పేరున్న కంపెనీ యూఎస్‌బీ అడాప్టరు ధర చూస్తే మీటరు ధరే నయం. ఏఆర్488 అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఎక్కించి ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడిపిస్తున్నారట. నమ్మొచ్చా?

ల్యాబ్‌టెక్
నా సలహా వద్దనే. జీపీఐబీకి ప్రమాణమైన ఐఈఈఈ-488 ప్రకారం లైన్‌ను కిందికి లాగే డ్రైవరు 48 మిల్లీ ఆంపియర్లు తట్టుకోవాలి. ఆర్డుయినో ఊనో బోర్డు పిన్నుకు 20 దాటించకూడదు. 75160, 75161 అనే డ్రైవరు చిప్‌లు ఉన్నవి ఇందుకే. పైగా ఆర్డుయినోకు కరెంటు తీసేశాక దాని పిన్నులు బస్సును (పరికరాలన్నిటినీ కలిపే ఉమ్మడి లైన్లను) కిందికి లాగేస్తాయి, మిగతా పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. కొలతల పనిలో అనుమానానికి చోటివ్వకూడదు.

ఎంబెడెడ్_తెలుగు
అన్నా, ఆ 48 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి కదా. బస్సు మీద గరిష్ఠంగా 15 పరికరాలు, ఒక్కోటి మోపే భారం మహా అయితే 3.2 మిల్లీ ఆంపియర్లు. గుణిస్తే సరిగ్గా 48. ఈయన దగ్గరున్నది ఒకే మీటరు, ఆ లెక్కన ఊనో పిన్నుకు అది బరువే కాదు. వేగం సంగతంటారా, ఈ బస్సులో డీఏవీ, ఎన్ఆర్ఎఫ్‌డీ, ఎన్‌డీఏసీ అనే మూడు లైన్లతో ప్రతి బైటుకూ హ్యాండ్‌షేక్ జరుగుతుంది. అవతలివాడు ఎంత నెమ్మదైనా ఇవతలివాడు ఆగుతాడు, బైటు పోదు. 5½ అంకెల్లో ఈ మీటరు ఇచ్చేదే సెకనుకు కొన్ని రీడింగులు.

రేడియోపిచ్చి
ఇదంతా ఎందుకు, ఇప్పుడు యూఎస్‌బీ ఉన్న కొత్త మీటర్లు దొరుకుతున్నాయిగా?

పాతమీటరు
దొరుకుతాయండీ, కానీ ఈ స్థాయి ఖచ్చితత్వం ఈ ధరకు రాదు.

బెంచ్_అక్క
మీరంతా అడాప్టరు మంచిదా కాదా అని వాదిస్తున్నారు. నాకు అంతకంటే పెద్ద కంగారు ఇంకోటి ఉంది. 3478ఏలో కాలిబ్రేషన్ (కొలతల తేడాను సరిచేసే అంకెలు) మొత్తం ఒక చిన్న ర్యామ్ చిప్‌లో ఉంటుంది. దాన్ని బతికిస్తున్నది లోపలి 3 ఓల్టుల లిథియం బ్యాటరీ. ఇది 1980ల మీటరు, ఆ బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. అది పోయిన రోజు కాలిబ్రేషనూ పోతుంది. మళ్లీ చేయించాలంటే ఖర్చు మీటరు ధరను దాటిపోతుంది.

అందుకే నా మాట: ముందు ఏది చేతికి దొరికితే దానితో ఆ ర్యామ్‌ను చదివి ఫైల్‌గా దాచుకోండి. ‘డబ్ల్యూ’ అక్షరం, దాని వెనక చిరునామా బైటు పంపితే ఒక బైటు తిరిగొస్తుంది, అందులో కింది 4 బిట్లే అసలు సమాచారం. 0 నుంచి 255 దాకా అలా అడగాలి. ఒక్క జాగ్రత్త: 10, 13, 27, 43 చిరునామాలను అడాప్టరు తనకిచ్చిన ఆదేశాలనుకుంటుంది. వాటి ముందు ఎస్కేప్ అక్షరం (27) పెట్టాలి, లేకపోతే ఫైల్ మధ్యలో తప్పులు వస్తాయి. రెండుసార్లు చదివి పోల్చుకోండి. అసలు అడాప్టరు కోసం డబ్బు కూడేదాకా ఆ బ్యాటరీ ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ల్యాబ్‌టెక్
అక్కా, చదవడం వరకైతే ఒప్పుకుంటాను. ముందు ప్యానెల్ మీది క్యాల్ ఎనేబుల్ స్విచ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది ఆపి ఉన్నంతసేపు రాతలు జరగవు. నాలుగైదు పరికరాలు కలిపే బెంచ్‌కు మాత్రం నా మాట మారదు, ఆ డ్రైవరు చిప్‌లు ఉండి తీరాలి. చవగ్గా వచ్చే ‘అసలు’ అడాప్టర్లలో నకిలీలు చాలా ఉన్నాయి, అదీ చూసుకోండి.

ఎంబెడెడ్_తెలుగు
ఆ చిప్‌లు పెట్టిన ఏఆర్488 బోర్డులు కూడా ఉన్నాయి అన్నా. రేపు పరికరాలు పెరిగితే ఆయన అదే ప్రోగ్రాంతో వాటికి మారొచ్చు.

పాతమీటరు
బ్యాటరీ సంగతి నాకు తట్టనే లేదు అక్కా, ఈ వారమే చదివేస్తాను. ఊనో ఇంట్లో ఉంది, కనెక్టరు ఒక్కటే కొనాలి. పైథాన్‌లో మామూలుగా ‘నువ్వే పరికరం’ అని అడిగే ‘ఐడీఎన్’ ప్రశ్నకు ఇది జవాబిస్తుందా?

బెంచ్_అక్క
ఇవ్వదు. ఇది స్కిపీ అనే పరికరాల ఆదేశాల భాష రాకముందు మీటరు, ఆ భాష 1990లో వచ్చింది. ‘ఎఫ్1’ అంటే డీసీ ఓల్టులు, ‘ఎన్5’ అంటే 5½ అంకెలు. ‘డీ2’ వెనక ఏదైనా రాసి పంపండి, డిస్‌ప్లే మీద ఆ మాట కనిపిస్తే లైను పనిచేస్తున్నట్టే. ఫ్యాక్టరీలో పెట్టిన మీటరు జీపీఐబీ చిరునామా 23. అమెరికా నుంచి వచ్చినదైతే ప్లగ్ పెట్టేముందే ఓల్టేజీ సెట్టింగు చూడండి. వెనక చిన్న స్విచ్‌లలో ఒకటి 50, 60 హెర్ట్జ్‌లకు సంబంధించింది, దాన్ని 50కి మార్చండి. అది 60లో ఉంటే మన కరెంటు హమ్ రీడింగుల్లో కలిసిపోతుంది, మీ రాత్రంతా రికార్డులో జారేది రిఫరెన్సో హమ్మో తేల్చుకోలేరు.