'ఫ్రీ రేంజ్' పెంపకం: వదిలేయడమా, పోనివ్వడమా?

దేవరకొండలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. నిన్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది: "టీచర్, 'ఫ్రీ రేంజ్' పెంపకం అంటే పిల్లలను వదిలేయడమేనా?" కాదని వెంటనే అన్నాను. మరేమనాలో చెప్పలేకపోయాను.

ఆ మాట కోళ్లది. గూట్లో బంధించకుండా ఆరుబయట మేయనిచ్చే కోళ్లను ఇంగ్లీషులో అలా అంటారు. 2008లో న్యూయార్క్‌లో ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును భూగర్భ రైల్లో ఒంటరిగా ఇంటికి రానిచ్చింది. ఆ సంగతి పత్రికలో రాస్తే దుమారం రేగింది. ఆ కోళ్ల మాటను పిల్లల పెంపకానికి తెచ్చి ప్రచారం చేసింది ఆమే. 2018లో అమెరికాలోని యూటా రాష్ట్రం చట్టమే మార్చింది: తగిన వయసున్న పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళ్లినా, బయట ఆడుకున్నా అది తల్లిదండ్రుల నిర్లక్ష్యం కిందికి రాదు.

దీనికి ఎదురు మాట 'హెలికాప్టర్' తల్లిదండ్రులు. ఎప్పుడూ నెత్తిమీదే తిరిగేవాళ్లు. మన ఊళ్లలో కోడిపిల్లల మీద అలా తిరిగేది గద్ద, కనుక ఆ పోలిక మనకు అతకదు. మనకు గంప ఉంది. "పిల్లను గంప కింద కమ్మినట్టు పెంచారు" అంటే ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు 'వదిలేయడం' దగ్గరే. "వాళ్లమ్మ ఆ పిల్లాణ్ణి వదిలేసింది" అంటే స్వేచ్ఛ ఇచ్చిందని ఎవరైనా అనుకుంటారా? 'విచ్చలవిడి' ఇంకా ఘోరం, ఆడపిల్ల గురించైతే మరీ. 'స్వేచ్ఛా పెంపకం' పాఠంలో బాగుంటుంది గానీ వంటింట్లో పలకదు.

రాత్రి తట్టింది, మాట మన క్రియల్లోనే ఉందని. పోనివ్వడం, ఆడుకోనివ్వడం, చెట్టెక్కనివ్వడం, పడనివ్వడం. అన్నీ 'ఇవ్వడం'తో కట్టినవే. తల్లి చేతిలోంచి ఏదో పిల్ల చేతికి అందుతున్నట్టు వినిపిస్తుంది. 'పోనిచ్చే పెంపకం' అని రేపు బోర్డు మీద రాయాలనుకుంటున్నాను. మీరేమంటారు?

దీనికి మా బృందంలో నారాయణపేట వైపు నుంచి ఒక సభ్యురాలి జవాబు:

మా అమ్మానాన్నలు బొంబాయికి పనికి పోతూ నన్ను నాయనమ్మ దగ్గర వదిలి వెళ్లేవారు. ఆ 'వదిలి'లో నాకు ఏ నిందా వినిపించదు, టీచర్. తాళంచెవి మెడలో వేసుకొని ఖాళీ ఇంటికి చేరే పిల్లలను ఇంగ్లీషులో 'లాచ్‌కీ' పిల్లలు అంటారు కదా. మా ఇంటికి తాళమే ఉండేది కాదు, గడప మీద నాయనమ్మ ఉండేది.

టీచర్:

అక్కా, మీరు 'వదిలి' అన్నారు, 'వదిలేసి' అనలేదు. నింద మోసేది చివర చేరిన ఆ 'వేయు'. 'తెంచేశాడు', 'పారేశాడు' అన్నప్పటిలా అది పనిని అక్కడితో ముగించేస్తుంది. మీవాళ్లు తిరిగి వచ్చేవారు కాబట్టే మీకు ఆ చిన్న మాట చాలింది. రేపు ఈ రెండూ పక్కపక్కన రాసి, తేడా ఏమిటో ఆ అమ్మాయినే చెప్పమంటాను.