వాట్సాప్‌లో పోలీసు నోటీసు వచ్చింది, చెల్లుతుందా?

ప్రశ్న: నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిన్న రాత్రి ఎవరో ఎస్సైనంటూ ఫోను చేసి, వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. సెక్షన్ 35(3) కింద నోటీసట, మూడు రోజుల్లో వేరే జిల్లాలోని స్టేషన్‌కు రావాలట. చేతికి కాగితమేదీ అందలేదు. వెళ్లకపోతే పట్టుకుపోతారని అమ్మ అన్నం కూడా ముట్టడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35(3) అంటే, దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలోని 41ఏ. వెంటనే అరెస్టు అక్కర్లేదనుకున్నప్పుడు విచారణకు పిలిచే నోటీసు అది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చట్టప్రకారం అందించినట్టు కాదు. సతేందర్ కుమార్ అంతిల్ కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఈ మాట స్పష్టంగా చెప్పింది. సవరించమని హరియాణా ప్రభుత్వం అడిగితే జూలైలో ఒప్పుకోలేదు.

కోర్టు అంత పట్టుదలగా ఉండడానికి కారణముంది. ఈ నోటీసుకు హాజరు కాకపోతే అరెస్టు చేసే వీలుంది. ఫోను పాడై ఉండవచ్చు, నంబరు మారి ఉండవచ్చు, ఇంట్లో పిల్లలు తెరిచి ఉండవచ్చు. తెరపై రెండు నీలి గీతలు పడ్డాయని మనిషి స్వేచ్ఛను పణంగా పెట్టడం అన్యాయం. పోలీసుల పని తేలికవుతుందన్నది దానికి సమాధానం కాదు.

ప్రశ్న: అయితే పట్టించుకోకుండా వదిలేయవచ్చా అండీ?

జవాబు: వద్దు. ఆ సందేశాన్ని చెరిపేయకండి. ఫోను చేసిన నంబరుకు కాకుండా, పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న స్టేషన్ నంబరుకు చేసి, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం అడగండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది, కాబట్టి అక్కడ వెతకండి. కేసు నిజమైతే, "విచారణకు సహకరిస్తాను, నోటీసు నా చిరునామాకు చట్టప్రకారం అందించండి" అని రాతపూర్వకంగా పంపండి. పంపే ముందు లాయరుకు చూపించండి.

మరొకరు: డబ్బు అడిగారా? వీడియో కాల్‌లో కూర్చోమన్నారా? అలాగైతే అది మోసమే. "డిజిటల్ అరెస్టు" అనేది ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ప్రశ్న: డబ్బు అడగలేదండీ. రేపు పొద్దున్నే స్టేషన్‌కు ఫోను చేస్తాం. కోర్టు నుంచి వచ్చే సమన్లకు కూడా ఇదే నియమమా?

జవాబు: కాదు, ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. కోర్టు సమన్లను ఎలక్ట్రానిక్ రూపంలో పంపడానికి కొత్త చట్టమే వీలు కల్పించింది. వాటి మీద కోర్టు ముద్ర బొమ్మ గానీ డిజిటల్ సంతకం గానీ ఉండాలి. అలాంటిది వస్తే వాట్సాప్ కదా అని పక్కన పెట్టకండి. ప్రతి కోర్టు కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకుని ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కొడితే కేసు ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది.