మాత్రలు మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): నాన్నకు గొంతునొప్పి, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ గారు ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజుకే లేచి పొలానికి వెళ్లిపోయారు. మిగిలిన మాత్రలు దేవుడి గూట్లో ఉన్నాయి. ఇలా ఆపేస్తే క్రిములు మందుకు అలవాటు పడతాయని అక్క గొడవ. నిజమేనా?

మందుల కొట్టు (నరసన్నపేట): నూటికి నూరుపాళ్లు నిజం. స్ట్రిప్పు కత్తిరించి రెండే ఇమ్మని అడిగేవాళ్లతో రోజూ నాకిదే వాదన.

బొబ్బిలి మాస్టారు: నేను ఒప్పుకోను. క్రిములు మందును చూసి నేర్చుకోవు. కోట్ల కణాల్లో ఏ ఒక్కదానికో జన్యువు మారి, మందుకు చావని గుణం ముందే వచ్చి ఉంటుంది. 1952లో అమెరికా శాస్త్రవేత్తలు లెడర్‌బర్గ్ దంపతులు ఒక పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియాను మఖమలు గుడ్డతో అద్ది, మందు కలిపిన పళ్లెంలోకి దించారు. అక్కడ బతికినవాటి తోబుట్టువులు మందు సోకని మొదటి పళ్లెంలోనూ సరిగ్గా అదే చోట దొరికాయి. మందు చేసేదల్లా మిగతావాటిని తుడిచిపెట్టి వీటికి మైదానం ఖాళీ చేయడమే. పైగా అది గొంతుతో ఆగదు, పేగుల్లోని ఏ పాపం ఎరుగని బ్యాక్టీరియాలోనూ ఇదే ఏరివేత జరుగుతుంది. అంటే అవసరం తీరాక వేసే ప్రతి మాత్రా మొండివాటికే మేలు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు రాసిందీ ఇదే.

మందుల కొట్టు: ఈ మాట విని టీబీ రోగి రెండో నెలలో ఆపేస్తే ఎవరిది పూచీ, మాస్టారూ?

బొబ్బిలి మాస్టారు: టీబీ లెక్క వేరు. అక్కడ ఏ మందు తీసుకున్నా, దానొక్కదానికి లొంగని క్రిములు కొన్ని ముందే ఉంటాయి కాబట్టే మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు. నిద్రాణంగా ఉన్నవి చావడానికి మొత్తం ఆరు నెలలు పడుతుంది. అన్ని జబ్బులకూ ఆ నియమమే అంటేనే నా అభ్యంతరం.

రొయ్యల రైతు (పూసపాటిరేగ): మనుషుల మాత్రల దగ్గరే ఆగిపోయారేమిటి? రొయ్యలకొచ్చే వైట్‌స్పాట్ వైరస్ వల్ల వచ్చే జబ్బు, వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. దానికీ చెరువులో యాంటీబయాటిక్ పోయించిన సలహాదారులను చూశాను. రొయ్యలు ఎలాగూ పోయాయి, నీళ్లు కాలువలోకి వెళ్లాయి. ఆ నీటిలో బతికిన క్రిములు తమ జన్యువులను పక్క జాతులకూ అందిస్తాయి. దీనికి కోర్సు ఎన్ని రోజులంటారు?

నాగావళి ఒడ్డు: మరి నాన్న సంగతి?

బొబ్బిలి మాస్టారు: గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వే, అలాగైతే మొదటి మాత్రే దండగ. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే మాత్రం కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినకుండా రాసినన్నాళ్లూ వాడాలి. ఏదో తేల్చేది ఎంబీబీఎస్ వైద్యుడు, నేనూ కాదు, కొట్టూ కాదు.

మందుల కొట్టు: కౌంటరు దగ్గర ఇంత చెప్పే తీరిక ఎవరికుంది? నేను మాత్రం పూర్తిగా వాడమనే చెబుతాను.